దుప్పట్ల ఆర్విడ్

మే నెలలో సాయంత్రం ఆరు గంటలకు మా వీధిలో ఎవరైనా తలుపు తడితే, మేం ముందు బీరువాలోంచి దుప్పటి తీసి, ఆ తర్వాత తలుపు తీస్తాం. ఎవరని అడగం. ఆ వేళకి ఆర్విడ్ స్టెన్స్‌రుడ్ తప్ప ఇంకెవరూ రారు.

"ఈ రాత్రి ముప్పైకి దిగుతుంది లవోన్," అంటాడు గుమ్మంలో నిలబడి, టోపీ చేత్తో పట్టుకుని, ఎవరో పోయారని చెప్పడానికి వచ్చినవాడిలా. "రెండు కావాలి. పువ్వులది వద్దు, అది పల్చన. ఆ గోధుమరంగుది ఇవ్వు."

ముప్పై అంటే ఫారెన్‌హీట్‌లో, మా లెక్కన ముప్పై రెండుకే నీళ్లు గడ్డకడతాయి. మా ఇంట్లో ఏ దుప్పటి పల్చనో ఏది మందమో మా ఆయన క్లేటన్‌కి తెలీదు. నలభై నాలుగేళ్లుగా వాటిలోనే ముసుగు తన్ని పడుకుంటున్నాడు. ఆర్విడ్‌కి మాత్రం తెలుసు. మా ఇంటివే కాదు, ఇరవై ఆరిళ్ల దుప్పట్లూ తెలుసు. ఎవరింట్లో చిరిగింది ఉందో, ఎవరు కొత్తవి కొని దాచుకున్నారో, ఏ మొగుడూ పెళ్లాం విడివిడిగా కప్పుకుంటున్నారో కూడా తెలుసు. నాలాంటిదానికి ఆ సమాచారం దొరికితే ఏడాదంతా కాలక్షేపమే. కానీ ఆర్విడ్ నోరు విప్పడు. దుప్పట్లు ఆయనకి మనుషుల కోసం కాదు. హోస్టాల కోసం.

హోస్టా అంటే ఆకు చూసుకుని మురిసే మొక్క. ఐదు నెలలు మంచు కింద ఉందో పోయిందో తెలియకుండా పడుకుంటుంది. ఏప్రిల్ చివర్లో ఊదారంగు మిరపకాయల్లాంటి మొనలు నేలలోంచి పొడుచుకొస్తాయి. ఆ మొన చుట్ట విప్పుకున్నట్టు విప్పుకుని ముందు అరచేయంత, తర్వాత పళ్లెమంత ఆకు అవుతుంది. మా వీధిలో ప్రతి ఇంటి ఉత్తరపు గోడ కిందా ఇవే. చిక్కంతా అమెరికా ఉత్తరపు కొసన ఉన్న మా మిన్నెసోటా వసంతంతోనే. ఏప్రిల్‌లో నాలుగు రోజులు ఎండ కాస్తుంది. క్లేటన్ నిక్కరేసుకుని వాకిట్లో బొగ్గుల పొయ్యి వెలిగిస్తాడు. హోస్టాలు కూడా క్లేటన్‌లాగే ఎండని నమ్మేసి బయటికి వచ్చేస్తాయి. ఆ తర్వాత మే నెలలో ఒక సాయంత్రం గాలి ఆగిపోతుంది, ఆకాశం కడిగినట్టు తేటపడుతుంది. తెల్లారేసరికి ఆకులన్నీ ఉడికిన పాలకూర.

ఊరంతా చొక్కాలు విప్పి తిరిగే ఆ నాలుగు రోజులూ ఆర్విడ్ మాత్రం శీతాకాలపు కోటు వేసుకునే తిరుగుతాడు.

"ఏమయ్యా ఆర్విడ్, ఎనభై డిగ్రీలుంది, ఆ కోటేంటి?" అని క్లేటన్ అడిగాడొకసారి, చేతిలో మాంసం తిప్పే పట్టకారు పట్టుకుని.

"దీన్ని నమ్ముతున్నావా నువ్వు?" అని గడ్డం ఎత్తి ఆకాశాన్ని చూపించాడు ఆర్విడ్, దొంగని గుర్తుపట్టి పోలీసులకి చూపించినట్టు.

"నమ్మడమేంటయ్యా? కాస్తోంది, కాలుతోంది."

"అదే దాని ఎత్తు."

టీవీలో వాతావరణం చెప్పే అబ్బాయికి ఆర్విడ్ గొంతు బాగా తెలుసు. "ఇదిగో బాబూ, రాత్రికి ముప్పై ఆరు అన్నావు. అది నువ్వు నిలబడే ఎత్తులో. హోస్టా ఉండేది నీ చీలమండ ఎత్తులో. ఎప్పుడైనా నేల మీద పడుకుని చూశావా?" అని ఫోన్ చేసి మరీ అడిగాడు. ఆ అబ్బాయి నేల మీద పడుకున్నాడో లేదో తెలీదు గానీ, ఆ వారం నుంచి "నేల దగ్గర ఇంకో నాలుగు డిగ్రీలు తక్కువ ఉండొచ్చు" అని చివర్లో కలపడం మొదలెట్టాడు. ఆ మాట రాగానే మా వీధిలో అందరం టీవీకి చెయ్యూపుతాం.

ఆర్విడ్ ముప్పై ఒక్క ఏళ్లు బడి బస్సు నడిపాడు. నేను అదే బడి వంటింట్లో పిల్లలకి గరిటె తిప్పాను. పెళ్లీ గిళ్లీ లేని మనిషి. తల్లి పోయాక ఆ చిన్న తెల్లిల్లు, ఆయనా మిగిలారు. పన్నెండేళ్ల కిందట బస్సు మానేశాడు. సరిగ్గా ఆ మరుసటి వసంతంలోనే ఈ దుప్పట్ల గోల మొదలైంది. "కదలకుండా కూర్చోండిరా అని అరవడానికి పిల్లల్లేక, మొక్కల్ని పట్టుకుని పడుకోబెడుతున్నాడు," అని మేమే తీర్మానించుకున్నాం. ఆ తీర్మానం చేసింది నేనే. చర్చి కింది హాల్లో కాఫీ పోస్తూ చేశాను. అందరూ ఒప్పుకున్నారు.

మొదటేడు దుప్పట్లు చాల్లేదు. చర్చి బల్ల మీది గుడ్డలు వచ్చాయి, పాటలు పాడేవాళ్ల ఊదారంగు అంగీలు వచ్చాయి, చివరికి నా దగ్గరికి వచ్చి, "ఏదైనా సరే లవోన్, పొడుగ్గా ఉంటే చాలు," అన్నాడు. నా గులాబీరంగు నైటీ ఇచ్చాను. నా ఒళ్లు మీకు తెలీదు కాబట్టి చెబుతున్నా, దాంతో నాలుగు హోస్టాలు కప్పొచ్చు. తెల్లవారుజామున గాలి లేచింది. ఎనిమిది గంటలకి బడిలో పిల్లలంతా వరసగా నిలబడి గుండె మీద చెయ్యేసుకుని జెండా వైపు చూస్తే, జెండా స్తంభానికి జెండాతోపాటు నా నైటీ కూడా రెపరెపలాడుతోంది. ఒక్క పిల్లాడు నవ్వలేదు. ప్రతిజ్ఞ మొత్తం చెప్పారు. ఇప్పటికీ ఊళ్లో పెద్దవాళ్లైన ఆ పిల్లలు కొందరు నన్ను చూస్తే చెయ్యి గుండె మీదికి పోనిస్తారు.

ఇన్ని ఇళ్లు తిరిగి ఇన్ని అడిగే మనిషి, తన కోసం మాత్రం ఏదీ అడగలేడు. ఇచ్చినా తీసుకోలేడు. మా వాళ్లలో అందరికీ ఉన్నదే ఈ జబ్బు, ఏదైనా మూడోసారి అడిగితే గానీ సరే అనకూడదు. ఆర్విడ్‌కి మాత్రం మరీ ముదిరిపోయింది.

"కాఫీ తాగుతావా ఆర్విడ్?"

"అబ్బే, వద్దులే."

"కాచే ఉంది."

"నీకెందుకు శ్రమ."

"పారబోయాలి లేకపోతే."

"పారబోసేదైతే, అరకప్పు."

అరకప్పు మూడుసార్లు తాగుతాడు. రూబార్బ్ అనే పుల్లటి కాడల ముక్కలు పెట్టిన తీపి రొట్టె ఇస్తే, అది మాడిపోయిందని అబద్ధం చెబితేనే తింటాడు. ఆయన కోసం నేను ఎన్ని మంచి రొట్టెల్ని మాడినవని పరువు తీశానో లెక్కలేదు.

ఇంకో వింత. మంచుకి మాడిన హోస్టాని ఎవరైనా తవ్వబోతే ఆర్విడ్ ఊరుకోడు. మా ఎదురింటి బెర్నిస్‌కి ఓపిక లేదు. ఒక ఏడు ఆర్విడ్ దుప్పటి అడిగితే, "కొత్తవి, ఇవ్వను," అంది. తెల్లారి పాలకూర చూసి ఏడ్చి, పార పట్టుకుని బయల్దేరింది. ఆర్విడ్ ఎక్కడి నుంచి చూశాడో, వీధికి అడ్డంపడి పరుగెత్తుకొచ్చాడు. డెబ్భై దాటిన మనిషి.

"ఆ పార ఇటివ్వు బెర్నిస్."

"చచ్చిందయ్యా అది. జిగురైపోయింది, చూడు!"

"ఆకు పోయింది. వేరు బతికే ఉంది. మూడు వారాలు ఆగు."

"మూడు వారాలు ఈ జిగురు చూస్తూ కూర్చోమంటావా?"

"చూడకు. అటు తిరిగి కూర్చో. పార ఇటివ్వు."

ఇచ్చేదాకా కదల్లేదు. ఆ పార తీసుకెళ్లి తన కొట్టులో పెట్టి తాళం వేశాడు. మూడు వారాలకి హోస్టా మళ్లీ మొనలు పెట్టింది, పార తిరిగొచ్చింది, నూనె రాసి మరీ. ఆ తర్వాత ఏళ్లలో ఆ కొట్టులో ఒకేసారి ఏడు పారలు ఉండటం నేను చూశాను. ఊరికి మంచు దెబ్బ తగిలినప్పుడల్లా మా వీధిలో తోటపని ఆగిపోయేది. పనిముట్లన్నీ జైల్లో ఉండేవి.

ఇక మా ఇంటి సంగతి. మా గ్యారేజ్ వెనక ఒక పాత హోస్టా దుబ్బు ఉంది. మా అత్తగారి కాలం నాటిది. గీతలూ మచ్చలూ లేని సాదా పచ్చ ఆకు. ఆగస్టులో తెల్లటి పూలు పూస్తుంది, సాయంత్రం పూట ఆ వాసన వంటింట్లోకి వస్తుంది. దాని ముఖం నేను పెద్దగా చూసింది లేదు. ఆర్విడ్ మాత్రం ఎవరింటికి వెళ్లినా వెళ్లకపోయినా ముందు దానికే దుప్పటి కప్పేవాడు, అదీ అన్నిట్లో మందంది. పొద్దున్నే వచ్చి అది తీసి, మడత పెట్టి చంకలో పెట్టుకుని, దాని ముందు పావుగంట నిలబడేవాడు. ఒక్కోసారి వంగి, మొనలు లెక్కపెడుతున్నట్టు వేలు ఆడించేవాడు.

"ఏమేవ్, నీ కోసమే వస్తున్నాడేమో చూడు," అనేవాడు క్లేటన్ కిటికీలోంచి.

"నా కోసం వచ్చేవాడు నాకు వీపు పెట్టి నిలబడతాడా?"

"సిగ్గు."

"నీకు లేదు కదా, ఊరుకో."

ఇలా నవ్వుకుంటూ పదకొండేళ్లు గడిపేశాం. కిందటేడు మే నెలలో ఒక మంగళవారం మధ్యాహ్నం, మంచూ లేదు గించూ లేదు, వెచ్చగా ఉంది, తలుపు చప్పుడైంది. చూస్తే ఆర్విడ్. దుప్పటి అడగలేదు. లోపలికి వచ్చి కూర్చున్నాడు.

"కాఫీ తాగుతావా?" అన్నాను అలవాటుగా.

"తాగుతా," అన్నాడు.

నా చేతిలో గిన్నె ఆగిపోయింది. "క్లేటన్!" అని కేకపెట్టాను. "ఇలా రా తొందరగా! ఆర్విడ్‌కి ఏదో అయింది! మొదటిసారికే తాగుతానన్నాడు!"

క్లేటన్ పరుగెత్తుకొచ్చి ఆయన నుదురు మీద చెయ్యి పెట్టి చూశాడు. జ్వరం లేదు. ఆర్విడ్ టోపీ అంచు చుట్టూ వేళ్లు తిప్పుతూ కూర్చున్నాడు.

"మా అక్క వస్తోంది. శనివారం."

వాళ్లక్క మ్యూరియల్ పెళ్లి చేసుకుని టెక్సస్ వెళ్లిపోయి యాభై ఏళ్లు దాటింది. గాల్వెస్టన్‌లో, సముద్రం పక్కన ఉంటుంది. ఎనభై ఒకటి నిండాయి. మోకాళ్లు రెండూ మార్పించుకుని, నడవగలిగినప్పుడే ఒకసారి ఇల్లు చూసి వెళతానందట.

"మంచిదేగా!" అన్నాను.

"అమ్మ హోస్టా చూడ్డానికి వస్తోంది."

"అదీ మంచిదేగా."

"అది లేదు లవోన్."

నేను క్లేటన్ వైపు చూశాను, క్లేటన్ నా వైపు చూశాడు.

"అమ్మ వంటింటి మెట్టు పక్కన పెట్టింది అది. మా అక్క పుట్టకముందు నుంచీ ఉంది. టెక్సస్‌లో ఇది బతకదు, దానికి చలికాలం కావాలి. అక్క మూడుసార్లు పట్టుకెళ్లింది, మూడుసార్లూ పోయింది. అందుకని ప్రతి ఏడూ అడిగేది, అమ్మది లేచిందా అని." ఆర్విడ్ కప్పులోకి చూస్తున్నాడు. "నేను బస్సు మానేసిన ఏడు మంచు పడింది. నేను కప్పలేదు. తెల్లారి చూస్తే ఉడికిపోయి ఉంది. చచ్చిందనుకున్నా. చూడలేకపోయా. తవ్వి, వేరుతో సహా ఊరి చెత్తలో పారేసి వచ్చా. మూడు వారాలకి వీధిలో మాడిపోయినవన్నీ లేచాయి. అన్నీ. ఒక్కటి తప్ప."

 క్లేటన్ కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చున్నాడు.

"చెత్త దగ్గరికి వెళ్లి వెతికావా?" అన్నాను.

"రెండు రోజులు. వాళ్లు అప్పటికే మరతో నూరేశారు." తల ఎత్తాడు. "అప్పుడే అక్క ఫోన్ చేసింది. లేచిందా అని. లేచిందన్నాను. ఎన్ని మొనలు అంది. నాకు లెక్క కావాల్సి వచ్చింది. మీ గ్యారేజ్ వెనకది మా అమ్మదే. క్లేటన్ పుట్టినప్పుడు మీ అత్తగారికి ముక్క కోసి ఇచ్చింది. దాన్ని చూసి చెప్పాను. మర్నాడు మళ్లీ చూసి మళ్లీ చెప్పాను. పదకొండేళ్లుగా మీ మొక్క చూసి మా అక్కకి చెబుతున్నా."

నాకు కోపం వచ్చింది. నిజం. "పదకొండేళ్లు! ఒక్క ముక్క అడిగితే చచ్చిపోయేవాడివా? ఊళ్లో ఆడవాళ్ల నైటీలు అడుగుతావు గానీ!"

"అవి మొక్కల కోసం. ఇది నా కోసం," అన్నాడు. తర్వాత మెల్లగా, "అడగాలంటే తవ్వేశానని చెప్పాలి కదా."

"సరే, ఇప్పుడు తీసుకో."

"అబ్బే, వద్దులే."

"ఆర్విడ్!"

"మీ దుబ్బు చిన్నదైపోతుంది."

క్లేటన్ మూడోసారి అడగలేదు. వెళ్లి పార పట్టుకొచ్చాడు. దుబ్బు మధ్యకి పార దింపాడు. ఆర్విడ్ అటు తిరిగి నిలబడి చెవులు మూసుకున్నాడు, ఆస్పత్రిలో పెళ్లాం నొప్పులు పడుతున్న మొగుడిలా. సగం దుబ్బు, వేరుకి మట్టితో సహా, తోపుడు బండిలోకి ఎక్కించాం. ఆర్విడ్ నా వైపు తిరిగి నోరు తెరిచాడు. నేను ఒక్క ఉదుటున వెళ్లి ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. మా వైపు ఇచ్చిన మొక్కకి థాంక్స్ చెప్పకూడదు. చెబితే అది బతకదు. ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి, ఈయన ఆ కంగారులో మర్చిపోయాడు. నా అరచేతి కింద ఆయన గడ్డం వణికింది. నేను మాట మార్చాను.

వంటింటి మెట్టు పక్కన నాటాం. రెండు రోజులు ఆకులు వాలిపోయి, గురువారానికి నిలబడ్డాయి. ఈలోగా విషయం వీధంతా తెలిసింది. ఎలా తెలిసిందని నన్ను అడక్కండి. నేను బెర్నిస్‌కి ఒక్కదానికే చెప్పాను.

శుక్రవారం పొద్దున్నే ఆర్విడ్ మినియాపొలిస్ బయల్దేరాడు. అక్క విమానం సాయంత్రం దిగుతుంది. అంత ప్రయాణం చేసిన మనిషిని మళ్లీ మూడు గంటలు కార్లో కూర్చోబెట్టకూడదని, అక్కడే ఉండి శనివారం తీసుకొస్తానన్నాడు. మధ్యాహ్నం రెండింటికి టీవీ అబ్బాయి ముఖం చూసి నేను టీవీ గొంతు పెంచాను. "ఇరవై ఎనిమిది," అన్నాడు. "నేల దగ్గర ఇంకా తక్కువ."

ఆరు గంటలకి గాలి ఆగిపోయింది. నేను గోధుమరంగు దుప్పటి పట్టుకుని ఆర్విడ్ ఇంటికి వెళ్లేసరికి బెర్నిస్ అక్కడే ఉంది, దాచుకున్న కొత్త దుప్పట్లు మూడూ పట్టుకుని.

"ఇవి కొత్తవి కదే?"

"నోర్మూసుకుని ఆ చివర పట్టుకో."

వెనకాలే పాస్టరమ్మ జూడి చర్చి గుడ్డలతో వచ్చింది. పోస్టాఫీసాయన ఊలు రగ్గు తెచ్చాడు. క్లేటన్ ముందు ఆకులు నలగకుండా బట్టల బుట్ట బోర్లించాడు, దాని మీద దుప్పట్లు. ఒకదాని మీద ఒకటి. "అక్కడ సందుంది," "నాది మందం, నాది పైన వెయ్యండి," "పైన కాదయ్యా, లోపల," అని వాదులాట. చీకటి పడేవేళకి వంటింటి మెట్టు పక్కన ఒక గుట్ట లేచింది, నా భుజం ఎత్తు. దుప్పట్లన్నీ అక్కడే ఉన్నాయి. ఇరవై ఆరిళ్లవీ. ఆ సంగతి తెల్లారేదాకా ఎవరికీ తట్టలేదు.

శనివారం పదకొండింటికి ఆర్విడ్ కారు వీధిలోకి తిరిగి, నడిరోడ్డు మీద ఆగిపోయింది. రెండు వైపులా, ప్రతి ఇంటి ముందూ, ఉడికిన పాలకూర. మా గ్యారేజ్ వెనక మిగిలిన సగం దుబ్బూ పాలకూరే. మేమంతా వాకిళ్లలో చేతులు కట్టుకుని నిలబడ్డాం, ఇంట్లో కుండ బద్దలుకొట్టిన పిల్లల్లాగా. ఎవరి చేతిలోనూ పార లేదు.

"మీవి కప్పుకోలేదా?" అన్నాడు ఆర్విడ్ అద్దం దించి.

"మర్చిపోయాం," అంది బెర్నిస్. "ఏం చూస్తావు? మూడు వారాల్లో లేస్తాయిగా. పోనీ ముందుకి!"

మ్యూరియల్ దిగింది. చేతికర్ర, నల్ల కళ్లద్దాలు, తమ్ముడి గడ్డమే ఆమెకీ. ఆ దుప్పట్ల గుట్ట చూసి, "ఇదేంట్రా, లోపల ఎవరున్నారు?" అంది. ఒక్కొక్కటీ తీయడానికి పావుగంట పట్టింది. ఎవరిది వాళ్లు తీసుకుని పక్కకి జరిగారు. చివర బుట్ట తీశాడు క్లేటన్.

పచ్చగా ఉంది. ఒక్క ఆకు నలగలేదు.

మ్యూరియల్ కర్ర తమ్ముడి చేతికిచ్చి, కొత్త మోకాళ్ల మీద కష్టపడి కూర్చుంది. ఆకు వెనక్కి తిప్పి ఈనెల మీద బొటనవేలు పెట్టి రాసింది. ఆర్విడ్ ఊపిరి తీసుకోవడం మానేశాడు.

"మట్టి కొత్తగా ఉందేంట్రా?"

"ఎరువేశా."

"ఊఁ," అంది. ఇంకో ఆకు తిప్పింది. "అమ్మదే."

"అమ్మదే," అన్నాడు. పదకొండేళ్లలో ఆ మొక్క గురించి ఆయన అక్కకి చెప్పిన మొదటి నిజం అది. మా ఊళ్లో మగవాళ్లు ఏడవరు కాబట్టి, పోస్టాఫీసాయన తన రగ్గు దులపడం మొదలెట్టాడు.

మ్యూరియల్ నాలుగు రోజులకని వచ్చి నెల రోజులు ఉంది. రోజూ పొద్దున్న కర్ర పట్టుకుని మా గ్యారేజ్ వెనక్కి వచ్చేది, మాడిపోయిన సగం ఎప్పుడు లేస్తుందో చూడ్డానికి. ఇరవయ్యో రోజున రెండు ఊదారంగు మొనలు కనిపించాయి. నేను ఆర్విడ్‌ని పిలవబోతే నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు లవోన్. నీకొకటి చెప్పాలి, వాడికి చెప్పకు." గ్యారేజ్ గోడకి ఆనుకుంది. "మొదటేడే ఫోన్‌లో అన్నాడు, 'అక్కా, గ్యారేజ్ నీడ జరిగింది, ఇవాళ ఎండ పడింది, నాలుగు మొనలు' అని. మా ఇంటికి గ్యారేజ్ ఎక్కడుందే? మా నాన్న కారు వాకిట్లోనే తుప్పు పట్టి పోయింది."

"అయ్యో! మొదటేడే తెలిసిందా? మరి అడగలేదేం?"

"అంతకుముందు వాడు ఏడాదికోసారి, క్రిస్మస్‌కి చేసేవాడు. 'బాగున్నావా, చలిగా ఉంది, ఉంటా' అని పెట్టేసేవాడు. అమ్మ మొక్క పోయాకే వాడికి మాటలొచ్చాయి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా రోజూ ఫోన్. ఇవాళ ఇంత పెరిగింది, రాత్రి మంచు పడబోయింది, లవోన్ నైటీ ఎగిరిపోయింది. నేను అక్కడ తొంభై డిగ్రీల్లో కిటికీలు మూసుకుని కూర్చుని, ఆ గొంతు వింటూ ఉంటే చేతులు చల్లబడేవి. అడిగితే ఒప్పుకుంటాడు. ఒప్పుకుంటే సిగ్గుపడతాడు. సిగ్గుపడితే ఫోన్ ఆగిపోతుంది. నాకు మొక్క కంటే అదే..." అని ఆపేసి, వంగి ఆ మొనల్ని చూసింది. "పోనీ, ఇప్పుడు పిలువు వాణ్ణి."

ఇది ఆర్విడ్‌కి నేను ఇప్పటిదాకా చెప్పలేదు. జీవితంలో నేను కడుపులో దాచుకున్న మాట ఇదొక్కటే. చదివినవాళ్లు మీరు కూడా చెప్పకండి.

వెళ్లేటప్పుడు మ్యూరియల్‌కి ఒక ముక్క కోసిచ్చాం, ఐస్‌క్రీం బకెట్‌లో మట్టితో సహా. ఎవరూ థాంక్స్ చెప్పలేదు. "అక్కడ బతకదుగా," అన్నాడు ఆర్విడ్ దిగులుగా. "చలికాలం కావాలి అంతేగా? చలికాలం నేనే చేస్తా," అంది ఆమె. డిసెంబరు చివర్లో ఆకులు కత్తిరించి, ఆ బకెట్‌కి మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టేసిందట, పది వారాలు.

ఈ ఏడు మార్చిలో, మాకింకా తొడ లోతు మంచు ఉంది. మాడిందని చెప్పి పెడదామని ఆర్విడ్‌కి ఒక పళ్లెం కూర పట్టుకెళ్లాను. ఆయన ఫోన్ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. మ్యూరియల్ గొంతు గదంతా వినబడుతోంది. చెవుడు వచ్చినప్పటి నుంచి ఆమె అరిచే మాట్లాడుతుంది.

"...పాలకీ గుడ్లకీ మధ్యలోంచి తీసి వరండాలో పెట్టా. మా అల్లుడు పోయిన నెల చెంచా పట్టుకుని మూత తీశాడురా, ఐస్‌క్రీం అనుకుని! ఇవాళ ఆరో రోజు. రెండు మొనలు! ఒకటి నా చిటికెన వేలి గోరంత. రెండోది ఇంకా మట్టి నెత్తిన పెట్టుకుని చూస్తోంది... ఒరేయ్, ఉన్నావా?"

"ఉన్నా."

"ఉలుకూ పలుకూ లేదేం? పెట్టేయనా ఇక?"

కూర పళ్లెం పట్టుకుని నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఆర్విడ్ కళ్లు మూసుకున్నాడు. ఫోన్‌ని చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకున్నాడు.

"వద్దక్కా," అన్నాడు. "ఇంకా చెప్పు."